ద్వారకానగర్‌లో ఫ్రేజల్ వెర్బ్స్ బ్యాచ్: పుస్తకం కొనొచ్చు, క్లాసు మాత్రం చూసి చేరండి

విశాఖ ద్వారకానగర్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డులకి కొదవ లేదు. కింద జెరాక్స్ షాపు, పైన బ్యాంక్ కోచింగ్, ఆ పైన ఇంగ్లీష్. అలాంటి ఒక బిల్డింగ్‌లో ఫ్రేజల్ వెర్బ్స్‌కి (క్రియ వెనక ఆఫ్, అప్ లాంటి చిన్న మాట చేరి అర్థం మారిపోయేవి) మాత్రమే పన్నెండు రోజుల బ్యాచ్ నడుస్తోంది. పొద్దున్న ఆరున్నరకి ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి, రోజుకి గంటంపావు. ఫీజు రూ. 1,800. అందులోనే 72 పేజీల స్పైరల్ బైండింగ్ పుస్తకం ఇస్తారు. పుస్తకం ఒక్కటే చాలంటే రూ. 150. సెంటర్ పేరు ఇక్కడ రాయడం లేదు, కింద మెచ్చుకోళ్లతో పాటు తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి.

ముందే చెప్పేస్తే, పుస్తకంలో కొన్ని పేజీలకే ఆ నూట యాభై గిట్టుబాటవుతుంది. ఇంకొన్ని పేజీలు చింపేసి చదువుకోవడం మంచిది. క్లాసు సంగతి చెప్పేవాళ్లని బట్టి ఉంది.

ఈ సబ్జెక్టుకి విడిగా బ్యాచ్ ఎందుకని అనిపించొచ్చు. పుట్, టేక్, లుక్, గెట్ అన్నీ చిన్న క్లాసులో వచ్చేసిన మాటలే. వాటి వెనక ఆఫ్, అప్, అవుట్ తగిలేసరికి డిగ్రీ అయినవాళ్లు కూడా తడబడతారు. ఇది మనకే ఉన్న జబ్బు కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు ముందుమాటలోనే, పరాయి దేశస్థులకి అన్నిటికన్నా కష్టంగా ఉండేవి ఇవేనని రాశాడు. కమ్ ఆఫ్, ఫాల్ ఆన్ లాంటివి ఉదాహరణలుగా ఇచ్చాడు. చిక్కేమిటంటే, మాట తెలియకపోతే డిక్షనరీ చూస్తాం. రెండు మాటలూ తెలిసినవే అయితే చూడాలని కూడా తోచదు.

పుస్తకంలో అన్నిటికన్నా పనికొచ్చేది హుద్‌హుద్ తుఫాను పేజీ. 2014 అక్టోబర్ 12న ఏం జరిగిందో ఈ ఊళ్లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు కళ్లారా చూసినవాటినే తీసుకుని, బ్లో అన్న ఒక్క క్రియకి తోకలు మార్చుకుంటూ వెళ్లారు. వేళ్లతో సహా కూలిన చెట్లు బ్లోన్ డౌన్. ఇంటి మీద నుంచి లేచిపోయిన రేకులు బ్లోన్ ఆఫ్. గాలి బయటి నుంచి నెట్టితే కిటికీ అద్దాలు గదిలోకి వచ్చి పడ్డాయి, అవి బ్లోన్ ఇన్. కరెంటు పోయి వెలిగించుకున్న కొవ్వొత్తి ఆరిపోతే బ్లోన్ అవుట్. పేలిన ట్రాన్స్‌ఫార్మర్ బ్లోన్ అప్. గాలి ఒకటే, క్రియ ఒకటే. డౌన్ నేలకి చేర్చింది, ఆఫ్ అంటుకుని ఉన్నదాన్ని ఊడదీసింది, ఇన్ లోపలికి తెచ్చింది. ఆ బొమ్మ ఒకసారి కంట్లో పడితే కట్ ఆఫ్, బ్రేక్ ఆఫ్, కమ్ ఆఫ్ అన్నిట్లోనూ ఆఫ్ అంటే ఊడిపోవడమే అని దానంతటదే తెలుస్తుంది.

ఈ పేజీలో కూడా ఒక లోపం ఉంది. బ్లో ఓవర్ అంటే సద్దుమణగడం అని ఒక్క అర్థమే ఇచ్చారు. తుఫానుకీ, ఇంట్లో గొడవకీ అది సరిపోతుంది. కానీ ఒక చెట్టు బ్లో ఓవర్ అయిందంటే సద్దుమణిగినట్టు కాదు, గాలికి పడిపోయినట్టు. దేని గురించి మాట్లాడుతున్నామన్న దాన్ని బట్టి అర్థం తిరగబడుతుందన్నది ఈ పాఠానికే ప్రాణం. దాన్నే వదిలేశారు.

ఇదే క్రియ స్టీల్‌ప్లాంట్‌లో పూర్తిగా వేరే పని చేస్తుంది. ఇనుప ఖనిజాన్ని కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌ని వెలిగించి ఉత్పత్తిలోకి తేవడం బ్లో ఇన్, రీలైనింగ్ (లోపలి ఇటుకల పొర మార్చడం) లాంటి పనికి పూర్తిగా ఆపేయడం బ్లో అవుట్. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ఫర్నేస్‌లకి పేర్లు పెట్టుకున్న ఊళ్లో, ఉక్కునగరం నుంచి పిల్లలు వచ్చి కూర్చునే బ్యాచ్‌లో ఈ రెండు మాటలూ చెప్పకపోవడం విడ్డూరం.

ఇక క్లాసు. రెండో రోజు పాఠం మాత్రం డబ్బులిచ్చి వినాల్సిందే. బోర్డు మీద ఇంగ్లీష్ ముక్క లేకుండా మొదలవుతుంది. ఎత్తు అని రాసి, దాని కింద వరసగా: బస్తా ఎత్తాడు, పిల్లని ఎత్తుకున్నాడు, స్కీము ఎత్తేశారు, సొమ్ము ఎత్తుకుపోయాడు, మాటల్లో ఎత్తిపొడిచాడు. తెలుగు నేర్చుకునే పరాయివాడికి ఎత్తు అంటే పైకి లేపడం అని ఒక్కటే చెప్తే మిగతా నాలుగూ ఎలా అర్థమవుతాయి? మన ఇంట్లో ఉన్న చిక్కే వాళ్ల ఇంట్లోనూ ఉంది, వాళ్లు తోకని విడిగా రాస్తారు, మనం కలిపి రాస్తాం, అంతే తేడా. ఆ తర్వాత వచ్చే జత ఇంకా బాగుంది. అమ్మని చూశాడు, అమ్మని చూసుకున్నాడు. మొదటిది లుక్ ఎట్, రెండోది లుక్ ఆఫ్టర్. తిన్నాడు, తినేశాడు అంటే ఏట్, ఏట్ అప్. వాడాడు, వాడేశాడు అంటే యూజ్‌డ్, యూజ్‌డ్ అప్. ఈ జతలు విన్నాక ఎవరైనా అప్ అంటే పైకి అని బట్టీ పట్టడం మానేస్తారు.

అయితే పాఠం అక్కడితో ఆపేశారు. నిజానికి అసలు పని అక్కడి నుంచే మొదలవ్వాలి. ఎందుకంటే మన నోట్లో ముందు తెలుగు క్రియ వస్తుంది, దాన్ని ఇంగ్లీష్‌లో పెట్టబోతే నాలుగు దారులు కనిపిస్తాయి. తీసేయి అన్న మాట చూడండి. చొక్కా తీసేస్తే టేక్ ఆఫ్. గోడ మీద పోస్టర్ తీసేస్తే టేక్ డౌన్. భోజనాలయ్యాక ప్లేట్లు తీసేస్తే టేక్ అవే. ఫ్రిజ్‌లోంచి, జేబులోంచి బయటికి తీస్తే టేక్ అవుట్. ఎక్కడ అంటుకుని ఉంది, ఎక్కడ తగిలించి ఉంది, దేని లోపల ఉంది అని ఇంగ్లీష్ అడుగుతుంది. తెలుగు అడగదు. ఆపేయి కూడా ఇంతే. ఫ్యాన్ ఆపేస్తే టర్న్ ఆఫ్, పొయ్యిలో మంట ఆర్పేస్తే పుట్ అవుట్, యూనిట్ మొత్తం ఆపేస్తే షట్ డౌన్, సిగరెట్ మానేస్తే గివ్ అప్. వదిలేయి తీసుకుంటే, జాబితాలో పేరు వదిలేశారంటే లెఫ్ట్ అవుట్, ట్రాఫిక్ పోలీసు ఫైన్ వేయకుండా వదిలేస్తే లెట్ ఆఫ్, ఎవరినైనా ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర వదిలితే డ్రాప్ ఆఫ్. మనవాళ్లు ఆ చివరిదాన్ని ఆఫ్ లేకుండా డ్రాప్ మీ అనేస్తారు. ఎక్కడ దింపాలో వెంటనే చెప్తే లండన్‌లోనూ చెల్లుతుంది, ఉత్త డ్రాప్ మీ అంటే మాత్రం వింతగా వినిపించొచ్చు.

పుస్తకాన్ని ఇలా తెలుగు క్రియల వరసలో వేసి ఉంటే ఈ ఊళ్లో దానికి పోటీ ఉండేది కాదు. వేయలేదు. పైగా చివర్లో ఎనిమిది పేజీలు అక్షరక్రమంలో జాబితా, ఒక్కో దానికి ఒక్కో తెలుగు మాట. చింపేయమన్నది ఈ పేజీలనే. గో ఆఫ్ ఎదురుగా ఆగిపోవు అని ఉంది. ఏసీ గో ఆఫ్ అయితే ఆగిపోయినట్టే, ఒప్పుకుందాం. అలారం ఐదింటికి గో ఆఫ్ అయిందంటే మోగినట్టు, ఆగినట్టు కాదు. బాంబు అయితే పేలినట్టు, పాలు అయితే విరిగినట్టు. తెలుగులో ఆఫ్ అన్న మాట స్విచ్ మీద నుంచి వచ్చి స్థిరపడిపోయింది కాబట్టి మనవాళ్లు సరిగ్గా ఇక్కడే బోల్తా పడతారు. దాన్ని సరిచేయాల్సిన పుస్తకమే ఇంకా గట్టిగా తప్పు నేర్పుతోంది. పుట్ అవుట్ ఎదురుగా బయట పెట్టు అని ఉంది. చెత్తబుట్ట విషయంలో అదీ నిజమే, కానీ నిప్పుని బయట పెట్టరు కదా.

వాయిదాకీ రద్దుకీ తేడా మాత్రం చక్కగా చెప్తారు. పీఎం పాలెం స్టేడియంలో వాన పడి మ్యాచ్ రేపటికి జరిపితే పుట్ ఆఫ్, అసలు లేదంటే కాల్ ఆఫ్. క్యాచప్, కీపప్ తేడా కూడా బాగుంది. వెనకబడినవాడు పరిగెత్తి అందుకుంటే క్యాచ్ అప్ విత్, పక్కపక్కనే అదే వేగంతో నడుస్తుంటే కీప్ అప్ విత్. ఈ రెండిట్లో ఉన్న అప్‌ని తెచ్చి కోప్‌కి కూడా తగిలించి కోప్ అప్ విత్ అంటుంటాం. కోప్‌కి అప్ లేదు, కోప్ విత్ అంతే. ఈ తప్పు ఎందుకు వస్తుందో వివరించిన చోటు ఈ ఒక్కటే, మిగతావాటికి కూడా ఇలా కారణం చెప్తే ఎంత బాగుండేది.

గెట్ ఇన్, గెట్ ఆన్ గురించి ఒక పేజీ ఉంది, చాలు. లేచి నిలబడి నడవగలిగినది ఆన్: భీమిలి బస్సు, అరకు రైలు, ఓడ, విమానం. ఒంగి దూరి కూర్చునేది ఇన్: కారు, ఆటో, కైలాసగిరి రోప్‌వే డబ్బా. బైకు మీద ఎక్కి కూర్చుంటాం కాబట్టి అదీ ఆన్. దిగేటప్పుడు వరసగా గెట్ ఆఫ్, గెట్ అవుట్ ఆఫ్.

అసలైన నిరాశ ఆరో రోజు. ఇట్, హిమ్, దెమ్ లాంటివి ఎక్కడ పెట్టాలన్న సంగతి పది నిమిషాల్లో చుట్టేశారు. ఇంటర్వ్యూలో తెలుగువాళ్లని పట్టించేది అర్థం తప్పు కాదు, ఇదే. టర్న్ డౌన్ ది వాల్యూమ్ అన్నా, టర్న్ ది వాల్యూమ్ డౌన్ అన్నా రెండూ సరైనవే. కానీ వాల్యూమ్ బదులు ఇట్ అంటే మధ్యలోనే పెట్టాలి, టర్న్ ఇట్ డౌన్. టర్న్ డౌన్ ఇట్ అంటే వినేవాడి చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. లుక్ ఆఫ్టర్, లుక్ ఇన్‌టు, రన్ ఇన్‌టు లాంటివి దీనికి తలకిందులు. వాటిని విడదీయకూడదు, లుక్ ఆఫ్టర్ హిమ్ అనాలి గాని లుక్ హిమ్ ఆఫ్టర్ కాదు. మరి ఏది ఏ జాతో ఎలా తెలుస్తుంది? క్లాసులో చెప్పిన జవాబు, వాడగా వాడగా వస్తుందని. అంతకన్నా మంచి పరీక్ష ఉంది. క్రియకీ తోకకీ మధ్యలో కేర్‌ఫుల్లీ లాంటి మాట దూర్చి చూడండి. లుక్ కేర్‌ఫుల్లీ ఎట్ ఇట్ అంటే ఇముడుతుంది, అంటే తోక వెనక మాటకి చెందినది, ఇట్ చివరికే వెళ్తుంది. టర్న్ క్విక్లీ ఆఫ్ ది లైట్ అంటే ఇమడదు, అంటే తోక క్రియకి అతుక్కున్నది, ఇట్ మధ్యలోకి వెళ్తుంది. నూటికి నూరుపాళ్లు కాకపోయినా రోజువారీ మాటల్లో ఎక్కువసార్లు గట్టెక్కిస్తుంది.

గట్టెక్కించడం అంటే గుర్తొచ్చింది, అవే మాటలు చోటు మారితే అర్థం ఎంత మారుతుందో చూపించడానికి ఇంతకన్నా మంచి జత దొరకదు. హీ సా త్రూ మీ అంటే నా వేషాలు కనిపెట్టేశాడు. హీ సా మీ త్రూ అంటే కష్టంలో నన్ను గట్టెక్కించాడు. పుస్తకంలో ఎక్కడా లేదు. అంచు ఖాళీలో రాసుకోండి.

ఆడియో ఫైళ్లు వాట్సాప్ గ్రూపులో వేస్తారు, మొత్తం ముప్పై దాకా, ఒక్కోటి రెండు నిమిషాలు. గొంతు స్పష్టంగానే ఉంది కాని అన్ని మాటల మీదా ఒకే బరువు. మామూలు మాటల్లో టర్న్ ఇట్ ఆఫ్ అనేటప్పుడు బరువు ఆఫ్ మీద పడాలి. లుక్ ఎట్ ఇట్ అనేటప్పుడు లుక్ మీద పడాలి, ఎట్ దాదాపు వినిపించకూడదు. నామవాచకం అయితే మళ్లీ మొదటికే. విమానం టేక్స్ ఆఫ్ అన్నప్పుడు ఆఫ్ మీద, స్మూత్ టేకాఫ్ అన్నప్పుడు టేక్ మీద. రాతలోనూ ఇదే తేడా: లాగిన్ అయ్యే పని చెప్తే రెండు మాటలు విడివిడిగా, లాగిన్ పేజీ అంటే కలిపి ఒకే మాట. రుషికొండ ఐటీ హిల్ మీద ఉద్యోగాల కోసం వచ్చేవాళ్లకి ఇది మెయిల్ రాసిన ప్రతిసారీ తగులుతుంది. ఈ సంగతి పుస్తకంలో ఒక్క వాక్యమైనా లేదు.

మన ఇంగ్లీష్ మీద క్లాసులో చూపించే చిన్నచూపు మాత్రం నచ్చేది కాదు. ఫైలు పుటప్ చేశారా అని కలెక్టరేట్‌లో, జీవీఎంసీలో (నగరపాలక సంస్థ), పోర్టులో ఇప్పటికీ అంటారు. పై అధికారికి సమర్పించడం అని అందరికీ అర్థమవుతుంది కాబట్టి ఆ గోడల మధ్య అది తప్పు కాదు. బయటి దేశం క్లయింట్‌కి రాసేటప్పుడు మాత్రం సబ్మిట్ అనాలి, ఎందుకంటే పుట్ అప్ అంటే వాళ్లకి గోడకి తగిలించడమో, చుట్టానికి బస ఇవ్వడమో. అలాగే 2022లో పాసవుట్ అయ్యాను అంటే మనకి డిగ్రీ పూర్తయినట్టు. సైన్యంలో పాసింగ్ అవుట్ పరేడ్ ఉంది కదా, దాని చుట్టమే ఇది. అమెరికా ఇంటర్వ్యూ చేసేవాడికి మాత్రం ఆ ఏడు స్పృహ తప్పి పడిపోయినట్టు వినిపిస్తుంది. గ్రాడ్యుయేటెడ్ అంటే సరి. ఎవరితో మాట్లాడుతున్నామో చూసుకోమని చెప్తే సరిపోయేదానికి తప్పు, తప్పు అని బోర్డు మీద ఎర్ర గీతలు కొట్టడం ఎందుకు? ఫిల్ అప్ ది ఫామ్ మీద కూడా ఎర్ర గీతే. ఫామ్‌కి బ్రిటన్‌లో ఎక్కువగా ఫిల్ ఇన్, అమెరికాలో ఫిల్ అవుట్, పెట్రోల్ ట్యాంకుకి ఫిల్ అప్ అని చెప్పి వదిలేస్తే పోయేది.

విదేశాలకి వెళ్లడానికి రాసే ఇంగ్లీష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ కోసం చేరేవాళ్లు ఒక మాట గమనించాలి. ఫ్రేజల్ వెర్బ్స్ ఎన్ని వాడితే అంత స్కోరు అని డెమోలో ఊదరగొడతారు. పదకొండు నుంచి పధ్నాలుగు నిమిషాల స్పీకింగ్‌లో అవి సహజంగా పడితే మంచిదే. 250 మాటల వ్యాసంలో పుట్ ఆఫ్ కన్నా పోస్ట్‌పోన్, గ్రాఫ్ వివరణలో గో అప్ కన్నా రైజ్ నయం. ఓఈటీ (వైద్య సిబ్బందికి పెట్టే ఇంగ్లీష్ పరీక్ష) రాసే నర్సులకి మాత్రం ఈ బ్యాచ్ ఎక్కువ ఉపయోగం. పేషెంట్‌తో రోల్‌ప్లేలో వాళ్లు వినేది ఇవే: స్పృహ తప్పితే పాస్ అవుట్, స్పృహలోకి వస్తే కమ్ రౌండ్, మత్తు దిగితే వేర్ ఆఫ్, వాంతి అయితే త్రో అప్, చనిపోతే పాస్ అవే. పాస్ అవుట్‌కీ పాస్ అవేకీ మధ్య పొరపాటు పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అదే పేషెంట్ గురించి డాక్టర్‌కి లెటర్ రాసేటప్పుడు త్రో అప్ కాదు, వామిట్ అనే రాయాలి.

పుస్తకం ఒక్కటే కొనుక్కుని ఇంట్లో చదివేవాళ్లు వరస మార్చుకోండి. హుద్‌హుద్ పేజీతో మొదలుపెట్టండి. రోజుకి ఒక క్రియ, నాలుగు తోకలు, అంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే టర్న్ అప్, టర్న్ ఇన్, టర్న్ అవుట్ అన్నీ కలిసి ముద్దయిపోతాయి. ప్రతిదానికీ ఇట్ పెట్టి ఒక వాక్యం, పేరు పెట్టి ఒక వాక్యం పైకి చదవండి. నోట్‌బుక్ వెనక నుంచి తెలుగు క్రియలు రాసుకుంటూ రండి, తీసేయి, ఆపేయి, వదిలేయి, పెట్టు, పట్టు. నెల తిరిగేసరికి వెనక పేజీలే ఎక్కువ పనికొస్తాయి.

మిగతావి: గదిలో నలభై కుర్చీలు, వెనక వరసకి బోర్డు కనబడదు. ఏసీ ఉంది. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, సాయంత్రం బ్యాచ్ అయితే నడిచో బస్సులోనో రావడం మేలు. పన్నెండో రోజు పరీక్ష యాభై ఖాళీలు నింపడం, ఒక్క వాక్యం కూడా సొంతంగా రాయించరు, మాట్లాడించరు. సర్టిఫికెట్‌కి విడిగా రూ. 200 అడుగుతారు, అది ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడగరు. రెండు డెమో క్లాసులు ఉచితం, పొద్దున్న చెప్పేవారూ సాయంత్రం చెప్పేవారూ వేరువేరు కాబట్టి రెండూ వినండి. డెమో అయ్యాక, తీసేయి అన్న మాటని ఇంగ్లీష్‌లో ఎన్ని రకాలుగా అనాల్సి వస్తుందో అడగండి. ఎదురు ప్రశ్న వేసి, ఎక్కడ నుంచి తీసేయాలి అన్నారంటే ఫీజు కట్టేయండి. రిమూవ్ అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే నూట యాభై ఇచ్చి పుస్తకం తీసుకుని మెట్లు దిగండి.